ఎక్కడ తప్పిపోయినా చౌరస్తాకు

మా లెక్కల సార్ పోయారని నాకు ఫోన్‌లో తెలిసింది. అశోక్‌నగర్‌లో నేను పొద్దుటిపూట పనిచేసే జిరాక్స్ షాపులో ఎవరివో నోట్సు కాపీలు తీస్తున్నాను. ఫోన్ చేసింది సార్ భార్య. అందరూ ఆమెను ఆంటీ అంటారు, నేను మా ఊరి అలవాటు కొద్దీ పెద్దమ్మ అంటాను. "బిడ్డా, సార్ ఇగ లేరే" అంది. మిషన్ తన మానాన తను కాగితాలు బయటికి తోస్తూనే ఉంది. నాకు ఏడుపు రాలేదు. భయమేసింది. ఆదివారం పరీక్ష, సార్ లేరు. ఈ రెండు ముక్కలే తలలో గిర్రున తిరిగాయి. ఏడుపు తర్వాత వచ్చింది, వాళ్ళింటి గేటు దగ్గర చెప్పులు విడుస్తుంటే.

నా భయం సంగతి ముందు చెప్పుకోవాలి, లేకపోతే సార్ సంగతి చెప్పలేను. నేను జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చినదాన్ని. చదివింది తెలుగు మీడియం. సర్కారు ఉద్యోగం కోసం అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఏళ్ళు గడిపినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. పరీక్ష ఎన్నోసార్లు వాయిదా పడింది గానీ నా వయసు ఒక్కసారీ వాయిదా పడలేదు. ఈ ఉద్యోగానికి నాకు ఇదే ఆఖరుసారి, వచ్చేసారికి వయసు హద్దు దాటిపోతాను. మిగతా సబ్జెక్టుల్లో ఎలాగో గట్టెక్కుతాను. లెక్కలు కనపడితే మాత్రం నా పై ప్రాణాలు పైనే పోతాయి. మా అమ్మ ఫోన్‌లో, "ఈసారి కాకుంటే వచ్చెయ్ బిడ్డా, ఏం కాదు" అంటుంది. ఏం కాదు అన్నప్పుడు ఆమె గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి ఆ మాటంటే ఇంకా ఎక్కువ భయం.

సార్ క్లాసు చిక్కడపల్లిలో వాళ్ళింటి ముందు గదిలో జరిగేది. గోడకు నల్లబోర్డు, నాలుగు బెంచీలు, కిటికీలో మనీప్లాంటు. రిటైరయ్యేదాకా కాలేజీలో చెప్పారు, ఆ తర్వాత సాయంత్రాలు మా లాంటి హాస్టల్ పిల్లలకు చెప్పేవారు. నేను వెళ్ళిన మొదటి రోజే చిన్న టెస్టు పెట్టారు. ఒక లెక్క చచ్చీ చెడీ చేస్తే యాభై ఒకటి బై ఎనభై ఐదు వచ్చింది. కింద ఇచ్చిన జవాబుల్లో అది లేదు. మూడు బై ఐదు ఉంది, ఇంకేవో రెండున్నాయి, చివర 'ఇవేవీ కావు' ఉంది. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే వచ్చింది. పోటీ పరీక్షలు రాసినవాళ్ళకు ఈ ఘడియ తెలిసే ఉంటుంది. మన జవాబు ఆ నాలుగింటిలో లేదంటే ఇక మొదటి నుంచీ అంతా తప్పేనేమో, ఈ చదువే తప్పేమో, ఊరు వదిలి రావడమే తప్పేమో అన్నంత దూరం పోతుంది మనసు. 'ఇవేవీ కావు' దగ్గర టిక్కు పెట్టి తల దించుకున్నాను.

సార్ నా కాగితం పట్టుకుని బెంచీ దగ్గరికి వచ్చారు.

"లెక్క రైటే చేసినవ్. జవాబు గూడ రైటే. మరి గుర్తువట్టలేదేంది?"

"అండ్ల లేదు సార్."

"ఉన్నది. పైనా కిందా పదిహేడుతోని కొట్టు."

పదిహేడు మూళ్ళు యాభై ఒకటి. పదిహేడైదులు ఎనభై ఐదు. మూడు బై ఐదు. మొదటి జవాబే అది. వెనక బెంచీ నవ్వింది. సార్ నవ్వలేదు. "నవ్వకున్రి. ఈ బిడ్డ ఇంటి దాక మంచిగనే వచ్చింది. దర్వాజ ముందట నిలబడి ఇది మా ఇల్లు కాదనుకొని ఎనక్కి తిరిగింది. మీరు సగం మంది ఇంటి దాక గూడ రాలే" అన్నారు.

ఆ రోజే బోర్డు మీద 'ప్రామాణిక రూపం' అని రాశారు. ఆ మాట నేను బడి పుస్తకంలో చదివే ఉంటాను, తలకెక్కలేదు. ఒకే సంఖ్య సవాలక్ష వేషాల్లో తిరుగుతుంది. మూడు బై ఐదు, ఆరు బై పది, యాభై ఒకటి బై ఎనభై ఐదు, అన్నీ ఒక్కటే. కానీ అందరూ ఒప్పుకున్న రూపం ఒకటి ఉంటుంది. భిన్నమైతే ఇక పైనా కిందా కొట్టివేయడానికి ఏమీ మిగలని రూపం. సమీకరణమైతే అన్నిటినీ ఎడమవైపుకు తెచ్చి, పెద్ద ఘాతం ముందు, చిన్నది వెనక, కుడివైపు సున్న. రెండు ఒకటేనా కాదా అని అనుమానం వస్తే రెండింటినీ ఆ రూపంలోకి తెచ్చి పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంతే విషయం. ఇంత చిన్న విషయం తెలియక నేను ఎన్ని పరీక్షల్లో ఇంటి ముందు నుంచి వెనక్కి పోయానో!

సార్ కూడా ఒకప్పుడు చదువు కోసం నల్గొండ వైపు నుంచి ఇక్కడికి వచ్చినవారే. "గప్పుడు నాకు ఈ సందులన్నీ ఒక్కతీరుగనే కనవడుతుండె. కూరగాయలకు పోయి ఇల్లు దొరుకక ఏడ్సిన. మా కిరాయి ఇంటాయన ఒక్కటే చెప్పిండు. ఎక్కడన్న తప్పిపో, పర్వాలేదు, ముందుగాల నారాయణగూడ చౌరస్తాకు రా. అక్కడికెల్లి ఇంటికి తొవ్వ ఒక్కటే. ప్రామాణిక రూపమంటే గంతే బిడ్డా, చౌరస్తా" అనేవారు.

నాకొక సందేహం వచ్చింది. "ఆ రూపమే ఎందుకు సార్? ఎవరు పెట్టిన్రు?"

"ఎవరో పెట్టిన్రు. ఇంకో చౌరస్తా పెట్టినా నడుస్తుండె. కానీ అందరం ఒక్కదాని కాడ్నే కలుద్దామని అనుకోవాలె గద? నువ్వు నారాయణగూడల నిలబడి, నేను రాంనగర్ల నిలబడితే కలుస్తమా?"

అది పాఠం కోసం అల్లిన కథ అనుకున్నాను. తర్వాత చూస్తే సార్ ఇన్నేళ్ళకూ అలాగే నడిచేవారు. మార్కెట్ నుంచి వాళ్ళింటికి సందుల్లో పడి పోతే దగ్గర. చంటిపిల్లలకు కూడా తెలుసు ఆ దారి. సార్ మాత్రం సంచీ చంకలో పెట్టుకుని చౌరస్తా దాకా నడిచి, అక్కడ ఒక్క నిమిషం ఆగి, అప్పుడు ఇంటి దారి పట్టేవారు. పెద్దమ్మ లోపలి నుంచి దెప్పేది. "కొత్తిమీర వాడిపోతది జల్ది రమ్మంటే ఊరంతా తిరిగొస్తడు."

అసలు సార్‌కు ఎంత భయమో చెబితే ఆయనను తక్కువ చేసినట్టు కాదు. ఆయనే దాచుకోలేదు. లిఫ్టు ఎక్కరు. గ్యాస్ బంద్ చేశారో లేదోనని గడప దాకా వచ్చి మళ్ళీ లోపలికి పోతారు. ఒకసారి బోర్డు వెనక నుంచి బల్లి బయటికి వచ్చింది. క్లాసులో బల్లికి భయపడేవాళ్ళు ఇద్దరమే, సార్, నేను. ఇద్దరం ఒకేసారి వరండాలోకి వచ్చి పడ్డాం. పెద్దమ్మ చీపురు తెచ్చేదాకా సార్ కిటికీలోంచే, "స్టెప్పు రాయండి, ఆగకున్రి" అని పాఠం చెప్పారు. రోడ్డు దాటడమంటే మరీ ప్రాణసంకటం. పక్కన ఎవరుంటే వాళ్ళ మణికట్టు పట్టుకునేవారు, తెలిసినవాళ్ళు కానక్కర్లేదు. ఆ పట్టు ఎలా ఉంటుందంటే చేయి వదిలిన తర్వాత కూడా కాసేపు వేళ్ళ గుర్తులుండేవి.

"సార్, మీకు గూడ భయమేనా?" అని ఓ రోజు అడిగాను. క్లాసు అయిపోయి అందరూ వెళ్ళిపోయారు. బోర్డు తుడుస్తున్నారు.

"లేకపోవుడేంది? బోర్డు దిక్కు తిరిగినప్పుడల్లా ఇప్పటికీ ఉంటది. లెక్క రాకుంటే పిల్లలు నవ్వుతరేమోనని. అందుకే ముందుగాల కుడిదిక్కు సున్న రాస్త. చూడలే నువ్వు?"

చూశాను. లెక్క పూర్తిగా చదవకముందే సార్ బోర్డుకు కుడివైపు 'ఈక్వల్ టు సున్న' రాసిపెట్టేవారు. స్టైల్ అనుకునేదాన్ని.

"చెయ్యికి పని దొరుకుతది బిడ్డా. ముందు సున్న రాయి. ఎనక ఏడువు."

"మరి భయం ఎప్పుడు పోతది సార్?"

"పోతేనే పరేషాన్. భయపడెటోడు రెండుసార్లు చూస్తడు. నిమ్మళంగున్నోడు ఒక్కసారే చూసి మునుగుతడు."

అప్పటిదాకా నా భయాన్ని అందరూ రోగంలాగే చూశారు. ధైర్యం చెప్పారు, మందలించారు, తాయెత్తు కట్టారు. దానితో కలిసి బతకడం ఎలాగో చెప్పినవారు సార్ ఒక్కరే. నేను ఆయన దగ్గర నేర్చుకున్నది లెక్కలంటే పూర్తి నిజం కాదు. వణుకుతున్న చేత్తో రాయడం నేర్చుకున్నాను.

ఇంకొక మాట రోజూ అనేవారు. ఈక్వల్ టు గుర్తును ఆయన గడప అనేవారు. "గడప దాటితే గుర్తు మారుతది." ఇటున్న ప్లస్ అటు పోతే మైనస్. ఎవరైనా అది మరిస్తే, ఆ మరిచింది సార్ అయినా సరే, వెంటనే చెప్పాలి. "గౌరవం అని తప్పును ఇడిసిపెట్టకున్రి" అనేవారు. ఎవరికీ ఆ అవకాశం రాలేదు. సార్ ఎప్పుడూ మరవలేదు.

రెండు నెలల కింద సార్‌కు గుండె ఆపరేషన్ అన్నారు. ఆ పొద్దున నేనూ ఆస్పత్రికి వెళ్ళాను. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి థియేటర్ ముందు వరండాలో ఉంచారు. పెద్దమ్మ మందుల కౌంటర్ దగ్గరికి పోయింది. సార్ పచ్చ గౌనులో చిన్నపిల్లవాడంత అయిపోయి ఉన్నారు. నన్ను చూడగానే మణికట్టు పట్టుకున్నారు.

"బిడ్డా, భయమైతుంది."

"నాకు గూడ సార్." ఆయన దగ్గర అబద్ధం ఆడే అలవాటు లేదు నాకు.

"ఒకటియ్యి."

"ఏంది సార్?"

"లెక్క ఒకటియ్యి. ఊకె పైకి చూసుకుంట పండుకుంటే పానం పోతున్నట్టున్నది."

నోటికి వచ్చింది ఇచ్చాను. "ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఆరు, ఈక్వల్ టు ఐదు ఎక్స్." సార్ కళ్ళు మూసుకున్నారు. రెండో చేతి వేలు గాలిలో లేచి కుడివైపున సున్న చుట్టింది. తర్వాత మెల్లగా చదివారు. "ఎక్స్ స్క్వేర్... ప్లస్ ఐదు ఎక్స్... ప్లస్ ఆరు. ఈక్వల్ టు సున్న."

ఐదు ఎక్స్ గడప దాటింది. మైనస్ కావాలి. డాక్టర్లు చెప్పిన మాటలేవీ నన్ను అంత భయపెట్టలేదు. సార్ గుర్తు మరిచారంటే ఆయన ఎంత వణికిపోతున్నారో నాకు అప్పుడు అర్థమైంది. చెప్పాలా? కాసేపట్లో లోపలికి తీసుకుపోయే మనిషికి తప్పు చేశావని ఎవరైనా చెబుతారా? కానీ చెప్పకుండా లోపలికి పంపితే ఆ తప్పుతోనే పంపినట్టవుతుంది.

"సార్, మైనస్. మైనస్ ఐదు ఎక్స్."

సార్ కళ్ళు తెరిచారు. కాసేపు పైకప్పు వైపు చూశారు, అక్కడ బోర్డు ఉన్నట్టు. తర్వాత పెదవులు కదిలాయి.

"గడప."

"అవును సార్."

"పట్టినవ్." నవ్వారు. నిజంగానే నవ్వారు. "జర నిమ్మళమైందే. నేను తప్పుతే చూసెటోళ్ళున్నరు." మణికట్టు మీద పట్టు కొంచెం వదులైంది. వార్డు బాయ్ వచ్చి స్ట్రెచర్ కదిలించేదాకా చేయి మాత్రం తీయలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. సార్ ఇంటికి వచ్చారు. క్లాసు మొదలుపెట్టలేదు గానీ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నేను సాయంత్రం వెళితే, "దినాలు దగ్గర పడుతున్నయ్" అనేవారు. నా పరీక్ష దినాలు. తన దగ్గర చదివే పిల్లలు ఎవరు పరీక్షకు పోయినా సార్ సెంటర్ గేటు దాకా వచ్చి, మంచినీళ్ళ బాటిల్ పట్టుకుని, వాళ్ళు బయటికొచ్చేదాకా అక్కడే నిలబడేవారు. లోపల రాసేవాళ్ళ కన్నా ఆయనకే ఎక్కువ చెమటలు పట్టేవి. "నీకు గూడ వస్త. ఆటోలనన్న వస్త" అన్నారు. ఆదివారం రాకముందే, గురువారం పొద్దున, ఆ వరండా కుర్చీలోనే కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు.

రెండు రోజులు నేను పుస్తకం తెరవలేదు. శనివారం తెరిస్తే ప్రతి ఈక్వల్ టు దగ్గరా ఆగిపోయాను. సార్ తప్పు చేసినప్పుడు చూడటానికి నేనున్నాను. నేను తప్పితే చూసేవారు ఇప్పుడు ఎవరు?

ఆదివారం పొద్దున నారాయణగూడలో సెంటర్ గేటు దగ్గర పెద్దమ్మ నిలబడి ఉంది. చేతిలో సార్ మంచినీళ్ళ బాటిల్. మైల దినాలు, ఇంటి నిండా చుట్టాలు.

"ఎట్లొచ్చినవ్ పెద్దమ్మా?"

"లొల్లి చేసిన్రు, పోవద్దని. మీ సార్ వస్తనన్నడు గద. ఆయన మాట ఎట్ల దీయాలె? పో, లోపటికి పో. నేనీడ్నే ఉంట."

హాల్లో ప్రశ్నపత్రం ఇచ్చారు. అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. రఫ్ పేజీ మీద ముందు కుడివైపు సున్న రాశాను. చేయి కదిలింది. ఒకటొకటే చేసుకుంటూ పోయాను. మధ్యలో ఒక లెక్క. ఒక సంఖ్య వర్గానికి పద్నాలుగు కలిపితే ఆ సంఖ్యకు తొమ్మిది రెట్లు అవుతుంది, ఆ సంఖ్య ఏది అని. చేశాను. మైనస్ రెండు లేదా మైనస్ ఏడు వచ్చింది. జవాబుల్లో చూశాను. ఉంది. రెండోది సరిగ్గా అదే, నేను రాసిన వరుసలోనే ఉంది. హమ్మయ్య అనుకుని జవాబు కాగితంలో దాని గుండ్రం దిద్దడానికి పెన్ను పెట్టాను.

అప్పుడు భయమేసింది. ఇన్నేళ్ళూ జవాబు లేకపోతే భయపడ్డాను. ఉన్నందుకు భయపడటం ఇదే మొదలు. మనం ఎక్కడ తప్పుతామో ప్రశ్న రాసేవాళ్ళకు తెలుసు, ఆ తప్పును కూడా ఒక జవాబుగా పెడతారు. పెన్ను తీసి వెనక్కి వచ్చాను. తొమ్మిది ఎక్స్ గడప దాటి వచ్చింది. ముందు ప్లస్ అలాగే ఉంది. ఆస్పత్రి వరండాలో సార్ చేసిన తప్పు, అచ్చం అదే. "మైనస్" అన్నాను. పైకే అన్నట్టున్నాను, పక్క వరుస అమ్మాయి తల తిప్పి చూసింది. గుర్తు మార్చాను. రెండు లేదా ఏడు. మొదటి జవాబు. దాన్ని దిద్దేటప్పుడు చేయి ఎంత వణికిందంటే గుండ్రం అంచు దాటకుండా రెండో చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ ఒక్కటీ పట్టుకున్నాను. ఇంకెన్ని వదిలేశానో తెలియదు. ఫలితాలు ఎప్పుడొస్తాయో తెలియదు. నాకింకా భయంగానే ఉంది.

బయటికి వచ్చేసరికి పెద్దమ్మ అదే చోట నిలబడి ఉంది. కూర్చోమని ఎవరో కుర్చీ ఇస్తే కూర్చోలేదట, సార్ కూర్చునేవారు కాదని. బాటిల్ మూత తీసి చేతికిచ్చింది.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?"

"భయపడుకుంట రాసిన పెద్దమ్మా."

"గట్లనే రాయాలె అంటుండె ఆయన" అంది. అప్పుడు ఏడ్చింది, పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా. నేనూ ఏడ్చాను. సెంటర్ నుంచి బయటికి వస్తున్న పిల్లలు పేపర్ కష్టంగా వచ్చిందేమో అనుకుని మమ్మల్ని తప్పుకుని పోయారు.

ఇంటి దగ్గర చుట్టాలు ఎదురుచూస్తుంటారు, తొందరగా పోవాలి. సందుల్లోంచి పోతే దగ్గర, ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఏమీ అనుకోకుండానే చౌరస్తా వైపు నడిచాం. అక్కడికొచ్చి ఆగాం. ఆదివారమైనా బస్సులు, ఆటోలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది, సరిగ్గా సార్ పట్టుకునే చోట. ఒక బస్సు పోయింది. రోడ్డు ఖాళీ అయింది. దాటొచ్చు. పెద్దమ్మ నా వైపు చూసింది. నేను ఇటు చూశాను, అటు చూశాను, మళ్ళీ ఇటు చూశాను.